సరిపోవడం, సరిపెట్టుకోవడం

2025 ఆగస్టులో మా ఇంట్లో పదిరోజులపాటు పెళ్లిచూపులు జరిగాయి. కంగారుపడకండి. పెళ్లికూతురు మనిషి కాదు, ల్యాప్‌టాప్!

మా అబ్బాయికి ఎంసెట్‌లో - ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారు లెండి, నా నోటికి ఇంకా పాతపేరే వస్తుంది - కంప్యూటర్ సైన్సు సీటొచ్చింది. సీటొచ్చిన సాయంత్రమే మావారు తెల్లకాగితం, పెన్నూ పట్టుకుని కూర్చున్నారు. "వాడికి మంచి ల్యాప్‌టాప్ కొనాలి" అన్నారు. పిల్లకి సంబంధం చూసే తండ్రి మొహంలో ఎంత గంభీరత ఉంటుందో ఆయన మొహంలో అంతా ఉంది.

ఇంక చూడండి, సలహాలు! పైవాటా మామ్మగారి మనవడు బెంగుళూరు నుంచి ఫోన్లో, గ్రాఫిక్స్ కార్డు లేనిది కొంటే డబ్బు కృష్ణలో పోసినట్టే అన్నాడు. మా మరిది యాపిల్ తప్ప ఇంకోటి ముట్టుకోవద్దన్నాడు. ఆయన ఆఫీసులో పక్కసీటాయన, బరువుగా ఉన్నదే మన్నుతుందన్నాడట. రుబ్బురోలు విషయంలో ఆ మాట నిజమే గానీ, రోజూ బస్సులో భుజాన వేసుకు తిరిగే వస్తువు సంగతి నాకు తెలీదు.

బందరు రోడ్డులో ఓ షాపుకి అందరం వెళ్లాం. వాళ్లు చూపించినవాటిలో ఒకటి మావాడి కంట్లో పడింది. కీల కింద ఎర్రటి, నీలపు లైట్లు. ధర 95 వేలు. షాపు కుర్రాడు ఏం చెప్పినా మావారు అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: "మావాడికి నాలుగేళ్లూ సరిపోతుందా?" ర్యామ్ సరిపోతుందా, డిస్కు సరిపోతుందా, బ్యాటరీ సరిపోతుందా? కనీసం అయిదారుసార్లు అడిగి ఉంటారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. తండ్రి కదా, అడుగుతారు మరి అనుకున్నాను. రేపొస్తామని చెప్పి ఇంటికొచ్చేశాం.

ఆ రాత్రి మా అమ్మాయి కల్పించుకుంది. మా పెద్దది అదే. సివిల్ ఇంజనీరింగు ఆఖరు సంవత్సరం.

"ఏరా, మొదటి ఏడాది దీంతో ఏం చేస్తావు?" అంది తమ్ముణ్ణి.

"ఏఐ" అన్నాడు వాడు, పరీక్షలో జవాబు చెప్పినట్టు.

అది నవ్వింది. మొదటి ఏడాది నేర్పేది సీ, పైథాన్ లాంటివి, లెక్కలు, ఫిజిక్సు, డ్రాయింగు. వాటికి ఆ ఎర్రలైట్ల యంత్రం అక్కర్లేదు. 8 జీబీ ర్యామ్‌తో మొదలెట్టొచ్చు, 16 ఉంటే నాలుగేళ్లూ దిగులుండదు. పాతకాలపు హార్డుడిస్కు కాకుండా 512 జీబీ ఎస్ఎస్‌డీ ఉండాలి, అది మాత్రం ముఖ్యం. తర్వాత ఎప్పుడో గ్రాఫిక్స్ కార్డు అవసరమయ్యే లెక్కలు వస్తే, గూగుల్ కొలాబ్ అని ఒకటుంది, వాళ్ల యంత్రాన్ని మనం ఇంట్లోంచే కొంతవరకూ ఉచితంగా వాడుకోవచ్చు. పైగా ఆ ఆటల ల్యాప్‌టాప్ ఛార్జరుతో కలిపితే దాదాపు మూడు కిలోలు, బ్యాటరీ చూస్తే మధ్యాహ్నం క్లాసుల దాకా నిలవదు. ఇదంతా అది చాకలిపద్దు చదివినట్టు గడగడా చెప్పేసింది.

పుస్తకాల జాబితా కూడా దాని దగ్గరే ఉంది. లెక్కలకి గ్రేవాల్, డ్రాయింగుకి ఎన్.డి. భట్, సీ భాషకి 1978లో కెర్నిగన్, రిచీ అనే ఇద్దరు రాసిన పల్చటి పుస్తకం. అన్నీ కొత్తవే కొనక్కర్లేదు, లెనిన్ సెంటరులో పాతపుస్తకాల కొట్లు వెతికితే చాలా దొరుకుతాయంది. ఐఐటీ మాస్టర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో పైసా ఖర్చు లేకుండా వినొచ్చట, సర్టిఫికెట్టు కావాలనుకుంటేనే పరీక్ష ఫీజు కట్టాలట.

"ఇవన్నీ నీకెలా తెలుసే?" అన్నాను ఆశ్చర్యపోయి.

"డబ్బుల్లేకుండా ఎక్కడ ఏం దొరుకుతుందో వెతుక్కున్నాను కదమ్మా" అంది మామూలుగా.

తమ్ముడికి ఉక్రోషం వచ్చింది. "నీకు తెలీదక్కా. నీది సివిల్. నీకు ఎలాంటిదైనా నడుస్తుంది" అన్నాడు.

"నడవకేం? నాది బాగానే నడుస్తుందిరా. ఫైలు తెరవమని నొక్కి, వెళ్లి టీ పెట్టుకుని వస్తాను. తాగేసరికి తెరుచుకుంటుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, అన్నం గిన్నె మూత పెడుతూ ఆగిపోయాను. రాత్రి పదింటికి ఇది వంటింట్లోకొచ్చి టీ పెట్టుకోవడం నేను మూడేళ్లుగా చూస్తున్నాను. "ఆడపిల్లవి, వేళకాని వేళ అన్నేసి టీలేమిటే, పైత్యం చేస్తుంది" అని ఎన్నిసార్లు కోప్పడ్డానో! అది టీ అలవాటు కాదన్నమాట. కంప్యూటరు కోసం కాచుకుని కూర్చోవడమన్నమాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం పనులయ్యాక, నా పాత పద్దుపుస్తకాలు తీశాను. పాలు, కూరలు, చీటీ, కరెంటు బిల్లు, అన్నీ రాసుకోవడం నాకు మా అమ్మ నేర్పిన అలవాటు. 2021 పుస్తకంలో దొరికింది: "అమ్మాయికి కంప్యూటరు (పాతది) - 14,500."

కథంతా గుర్తొచ్చింది. 2020లో కరోనా వల్ల పరీక్షలే లేకుండా పదో తరగతి పాసైన పిల్లల్లో ఇదీ ఒకత్తి. దాన్ని ఇంటర్‌లో వెయ్యాలా, పాలిటెక్నిక్‌లో వెయ్యాలా అని ఆలోచించి, "డిప్లొమా అయితే మూడేళ్లకి చేతికొస్తుంది, ఖర్చూ తక్కువ" అనుకున్నాం. క్లాసులు ఫోన్లో. మా వాటాలో సిగ్నలు ఉండదు. డాబామీద నీళ్లట్యాంకు నీడలో చాప పరుచుకుని, అరచేతంత తెరమీద కనబడే గీతల్ని చూస్తూ డ్రాయింగు షీటుమీద గీసుకునేది. ఏడాదికి పైగా అలా గడిచాక, మావారి ఆఫీసులో ఒకాయన కొత్తది కొనుక్కుంటూ పాతది అమ్మేస్తానంటే తెచ్చారు. ఆవేళ ఆయన దాన్ని అడిగిన ప్రశ్న కూడా నాకు గుర్తొచ్చింది.

"దీంతో ఎలాగో నడిపించుకోగలవా అమ్మా?"

"నడిపించుకుంటాను నాన్నా."

కొడుకు విషయంలో ఆయన వస్తువుని అడిగారు, సరిపోతుందా అని. కూతురి విషయంలో వస్తువునేమీ అడగలేదు. కూతుర్నే అడిగారు, సరిపెట్టుకోగలవా అని. ఆ రెంటికీ మధ్య ఉన్న దూరం బందరు రోడ్డు కన్నా పొడుగని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

సాయంత్రం ఆయనకి కాఫీ ఇస్తూ ఈ మాటే కదిపాను. నేను రాక్షసుణ్ణి కట్టుకున్నానని మీరనుకోకూడదు. కూతురంటే ప్రాణం ఆయనకి. చెప్పింది నిదానంగా విని, "రెండూ ఒకటేనా? అప్పుడు కరోనా రోజులు. నెల గడవడమే కష్టంగా ఉండేది. అయినా చదువులు వేరు, ఖర్చులు వేరు. ఇద్దరికీ తూకం వేసినట్టు ఎలా ఇస్తాం?" అన్నారు.

అందులో నిజముంది. మీరే చెప్పండి, ఇద్దరు పిల్లల్లో ఒకరికి చూపు మందగిస్తే ఇద్దరికీ కళ్లజోళ్లు కొంటామా? న్యాయమంటే సమానంగా పంచడమే అయితే అమ్మతనం చాలా సులువైపోయేది. త్రాసు ఒకటి కొనుక్కుంటే సరిపోయేది. ఎవరికి ఏది అవసరమో అది ఇవ్వడమే న్యాయమని ఆయన వాదన. నాదీ అదే. కాకపోతే అవసరమన్నది ఎలా తెలుస్తుంది? ఎవర్ని అడిగితే తెలుస్తుంది?

అమర్త్య సేన్ గారు 2009లో వచ్చిన 'ది ఐడియా ఆఫ్ జస్టిస్' అనే పుస్తకంలో ఒక చిన్న కథ చెప్పారు. ఆయన అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందినాయన, అయినా కథ మాత్రం మన పెరట్లో పిల్లల తగువులాగే ఉంటుంది. ముగ్గురు పిల్లలు, ఒక పిల్లంగోవి. నాకే ఇవ్వాలి, వాయించడం వచ్చింది నాకొక్కదానికే కదా అంటుంది ఒక పిల్ల. నాకు ఆడుకోడానికి ఒక్క బొమ్మ కూడా లేదు, నాకివ్వండి అంటాడు పేద పిల్లవాడు. నెలల తరబడి కష్టపడి దాన్ని తయారుచేసింది నేను అంటుంది మూడో పిల్ల. ఎవరికిస్తారు? ముగ్గురు చెప్పినదాంట్లోనూ న్యాయముంది, అంచేత ఇదే సరైన తీర్పు అని తేల్చడం తేలిక కాదంటారాయన.

నేను ఆ కథని మా ఇంటికి అన్వయించి చూసుకున్నాను. బాగా వాడుకోవడం వచ్చినదెవరు? మా అమ్మాయి. సివిల్ వాళ్లు ఇప్పుడు రెవిట్ అని ఒకటి నేర్చుకుంటున్నారు, కట్టబోయే ఇంటిని మొత్తం కంప్యూటర్లో నిలబెట్టి చూపిస్తుందది. దానికి కనీసం 16 జీబీ ర్యామ్ ఉండాలని తయారుచేసినవాళ్లే చెబుతారు. మా అమ్మాయి దాంట్లో ఉన్నది 4. ఏమీ లేనిదెవరికి? మా అమ్మాయికే. కష్టపడి సంపాదించుకున్నదెవరు? డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి, ర్యాంకు తెచ్చుకుని, బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరింది. అదీ మా అమ్మాయే. సేన్ గారి కథలో మూడు న్యాయాలు మూడు వైపులకి లాగుతాయి, అందుకే అంత చిక్కు. మా ఇంట్లో మూడూ ఒకేవైపు చూపిస్తున్నా మాకు కనపడలేదు. ఎందుచేతనంటారా? ఆ కథలో పిల్లలు ముగ్గురూ నోరు తెరిచి అడిగారు. మా ఇంట్లో అది అడగలేదు.

అడగనివాళ్లకి అవసరం లేదనుకోవడం ఎంత పెద్ద పొరపాటో కూడా ఆయనే వేరే చోట్ల రాశారు. ఎన్నాళ్లుగానో తక్కువతోనే బతుకుతున్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, తమ కోరికల్నే ఆ తక్కువకి తగ్గట్టు కుదించుకుంటారు, అంచేత వాళ్లు తృప్తిగా కనపడినంత మాత్రాన వాళ్లకి లోటు లేదనుకోకూడదంటారు. ఆ సంగతి తెలియడానికి మనకి నోబెల్ బహుమతి అక్కర్లేదు, మా అమ్మమ్మ జీవితం చాలు. కానీ తెలిసిన సంగతినే ఎవరైనా గట్టిగా చెబితే గుండెలో గుచ్చుకుంటుంది.

సరిపోవడం వస్తువు చేసే పని. సరిపెట్టుకోవడం మనిషి చేసే పని. వస్తువు చెయ్యని పనిని మనిషి చేస్తోందన్నమాట. మరి సరిపెట్టుకోవడం మంచి గుణం కాదా అంటారేమో. సందేహమేముంది, మంచి గుణమే. ఇల్లన్నాక ఎవరో ఒకరు సర్దుకుంటేనే గడుస్తుంది. నాకూ కావాలి అని అనగలిగి, అడిగితే వస్తుందని తెలిసీ, ఇంకొకరి కోసం వదులుకున్నవాళ్లది త్యాగం. దానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ అడగొచ్చునని కూడా తెలియకుండా పెరిగినవాళ్లు అడగకపోవడం త్యాగమెలా అవుతుంది? అది అలవాటు. మనం చేసిన అలవాటు. దానికి బంగారుతల్లి అని పేరుపెట్టి, ఆ పేరుతోనే రెండోసారి కూడా నోరు మూయిస్తాం.

మనం అన్నానుగా. మావారిని ఒక్కరినీ బోనెక్కించి నేను తప్పుకుంటే అబద్ధమవుతుంది. మా ఇంట్లో చిరిగిన దోసె నాది. అడుగంటిన పాలు నావి. "నాకిది చాలు" అన్నమాట నా నోట రోజుకెన్నిసార్లు వస్తుందో లెక్కలేదు. అది ఆ మాట పుస్తకాల్లో నేర్చుకోలేదు, నా కంచం చూసి నేర్చుకుంది.

ఇదంతా తెలిసి కూడా మళ్లీ తప్పు చెయ్యబోయాను, వినండి. రెండోసారి షాపుకెళ్లినప్పుడు, అమ్మాయి పాతదాన్ని కూడా తీసుకెళ్లాం. ఒక అయిదువేలు పెడితే ర్యామ్ పెంచి, ఎస్ఎస్‌డీ వేసి ఇస్తాం, కొత్తదానిలా అయిపోతుందన్నాడా కుర్రాడు. నా ప్రాణం లేచొచ్చింది. అయిదువేలతో న్యాయం దొరుకుతోందంటే ఏ తల్లికి చేదు? "బాగుందే, అలా చేయిద్దామా?" అన్నాను దానివైపు తిరిగి.

"చేయిద్దాంలే అమ్మా" అంది.

ఆ 'లే' ఒకటుంది చూశారూ, అక్కడ పట్టుకున్నాను. పక్కకి తీసుకెళ్లి, "నడుస్తుందా అని అడగటం లేదు. నీకేది సరిపోతుందో చెప్పు" అన్నాను.

"నాకా?" అంది.

ఆ ఒక్క మాట చాలు నాకు జన్మంతా గుర్తుండడానికి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది, ఆ పాతదాంట్లో పదకొండో విండోసు ఎక్కదట, ప్రాసెసరు మరీ పాతదట. అక్టోబరు 14 తర్వాత పదో విండోసుకి మామూలుగా ఇచ్చే రక్షణ మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆపేస్తున్నారట. అన్నట్టే ఆపేశారు కూడా. ర్యామ్ పెంచినా రెవిట్‌కి అది చాలదట. "ఎప్పట్నించీ తెలుసే నీకు?" అంటే, "కిందటేడాది నుంచీ" అంది.

"మరి చెప్పలేదేం?"

"తమ్ముడి ఫీజులున్నాయి కదమ్మా."

మావారు వెనక నుంచుని వింటున్నారని నేను చూసుకోలేదు. ఆయన ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, షాపు కుర్రాడి దగ్గరికెళ్లి, "మా అమ్మాయికి సరిపోయేది చూపించవయ్యా" అన్నారు.

చివరికి అబ్బాయికి 48 వేలలో, అమ్మాయికి గ్రాఫిక్స్ కార్డున్నది 74 వేలలో తీసుకున్నాం. లోటు పడినదానికి నా చీటీ పాడుకున్నాం. మావాడు రెండ్రోజులు మూతి ముడుచుకున్నాడు. "అక్కదానికంటే నాది తక్కువదా?" అన్నాడు. "తక్కువది కాదురా, నీకు సరిపోయేది" అన్నారు వాళ్ల నాన్న. మూడోరోజు వాడే వెళ్లి అక్క పాతదాన్ని తెచ్చుకుని, దాంట్లో లినక్స్ ఎక్కించాడు. అది ఉచితంగా దొరుకుతుందట, పాత యంత్రాల్లో కూడా తేలిగ్గా నడుస్తుందట. దాంతో కుస్తీపడుతూ నేర్చుకున్నంత కాలేజీలో కూడా నేర్చుకోలేదంటున్నాడిప్పుడు. లేమి నుంచి నేర్చుకునేది కూడా ఉంటుంది, కాదనను. అయితే అది ఇద్దరికీ సమానంగా అందాలి గాని, ఒకరికే రాసిపెట్టకూడదు.

ఇంతటితో బాకీ తీరిపోయిందని నేను చెప్పను. దాన్ని ఇంటర్‌లో వెయ్యాలా అని ఆలోచించిన ఆ రాత్రి, దాన్ని కూడా పిలిచి అడిగి ఉండాల్సింది. డిప్లొమా మంచి చదువే, అది దానికి మేలే చేసిందేమో కూడా. కానీ అడగలేదు కదా. షాపులో వస్తువు మార్చుకున్నట్టు ఆ సంవత్సరాల్ని మార్చుకురాలేం. ఇకమీదట ఇంట్లో ఏది కొన్నా, ఏది నిర్ణయించినా, ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడుగుతామని మాత్రం అనుకున్నాం. జవాబులు వేరుగా ఉండొచ్చు, ధరలు వేరుగా ఉండొచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే ఉండాలి.

మొన్న రాత్రి పదింటికి అలవాటుకొద్దీ నేనే టీ పెట్టి తీసుకెళ్లాను. "వద్దమ్మా, తెరుచుకుంది" అంది తెరమీద నుంచి కళ్లు తిప్పకుండానే. ఆ టీ నేను తాగాను.

అప్పుడే మావారు పేపరు మడిచి, "పిల్లలిద్దరికీ అయింది. నీకేం కావాలో చెప్పవోయ్" అన్నారు.

"నాకేం వద్దండీ, నాకున్నవి చాలు" అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు, దానంతటదే వచ్చేసింది.

గదిలోంచి మా అమ్మాయి తలెత్తి నావైపు చూసింది. ఏమీ అనలేదు, చూసిందంతే.

వంటింట్లోకొచ్చేసి, గ్లాసు కడిగి, చాలాసేపు ఆలోచించాను. నాకేం కావాలి? నిజంగా చెబుతున్నాను, జవాబు దొరకలేదు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.